పట్టు ఎక్కడ వేయాలి? రగ్బీ తేల్చుకోలేకపోతున్న లెక్క

విశాఖకు రగ్బీ కొత్త కావచ్చు గానీ పట్టు కొత్త కాదు. ప్రో కబడ్డీ పన్నెండో సీజన్ 2025 ఆగస్టు 29న ఈ ఊళ్లోనే, తెలుగు టైటాన్స్, తమిళ్ తలైవాస్ మ్యాచ్‌తో మొదలైంది. ఆ ఆట ఒక్కసారి చూసినవాళ్లకైనా తెలిసిపోయే సంగతి ఒకటుంది. కూతకొచ్చినవాణ్ని ఆపాలంటే చెయ్యి కిందికే పోవాలి. మడమ దగ్గరో, తొడ దగ్గరో, నడుం చుట్టో పట్టు పడాలి. గొంతు నొక్కినా, నోరు మూసినా, జుట్టు పట్టి లాగినా ఫౌలే. చెడుగుడు అన్న రోజుల్లో కూడా కాళ్లు దొరకబుచ్చుకుని కూలదోయడమే పద్ధతి. తల జోలికి పోవడం పద్ధతి కాదు.

అంతర్జాతీయ రగ్బీ ఇప్పుడు కోట్లు ఖర్చుపెట్టి, కోర్టుల చుట్టూ తిరిగి నేర్చుకుంటున్నది ఈ పాఠమే. ఆ ఆటలో ఏ గొడవ కదిపినా, ఎర్రకార్డయినా, బెంచి మీద కూర్చునేవాళ్ల లెక్కయినా, ఆటగాళ్ల వలసయినా, చివరికి ఒక్కచోటికే వచ్చి ఆగుతుంది. జనం టికెట్ కొనేది ఢీకొట్టడం చూడ్డానికి. మనుషులు పాడవుతున్నదీ ఆ ఢీకొట్టడం వల్లే. దాన్ని తీసేస్తే ఆట ఉండదు. ఉంచితే ఆటగాళ్లు మిగలరు. మధ్యేమార్గం కోసం పదేళ్లుగా బేరం నడుస్తోంది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జట్టుకు 15 మంది, ఆట 80 నిమిషాలు. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. ముందుకు పోవాలంటే చంకలో పెట్టుకుని పరుగెత్తాలి, లేదంటే కాలితో తన్నాలి. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు. దాని వెంట గోల్‌పోస్టుల మధ్యకు తన్నితే కన్వర్షన్, మరో 2. పెనాల్టీకి 3. బంతి ఎవరి దగ్గరుంటే వాణ్ని మాత్రమే పట్టి పడెయ్యాలి. ఇనుప హెల్మెట్లు, భుజాల డొప్పలు ఉండవు. మరీ అయితే తలకో పలచటి టోపీ.

ఇప్పుడు 2023 ప్రపంచకప్ ఫైనల్‌కు వద్దాం. పారిస్‌లో అక్టోబరు 28 రాత్రి తొమ్మిది. విశాఖలో అప్పటికే తేదీ మారి పన్నెండున్నర అయింది. మర్నాడు లఖ్‌నవూలో భారత్, ఇంగ్లండ్ క్రికెట్ మ్యాచ్ ఉంది కాబట్టి ఊరంతా పడుకునే ఉంటుంది. దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ తలపడుతున్నాయి. ఆట అరగంట కావస్తుండగా న్యూజిలాండ్ కెప్టెన్ సామ్ కేన్, బంతితో వస్తున్న జెస్సీ క్రీల్‌ను ఆపబోయాడు. నడుం వంచలేదు, నిటారుగానే వెళ్లాడు. భుజం పోయి క్రీల్ తలకు తగిలింది. ముందు పసుపుకార్డు చూపించారు, అంటే పది నిమిషాలు బయట కూర్చోవాలి. కేన్ కుర్చీలో కూర్చుని ఉండగానే వీడియోలు చూసే అధికారులు దాన్ని ఎరుపు చేశారు. పురుషుల ప్రపంచకప్ ఫైనల్లో ఎర్రకార్డు అదే మొదటిది. మిగతా ఆటంతా న్యూజిలాండ్ 14 మందితోనే ఆడింది. రెండో సగంలో దక్షిణాఫ్రికా కెప్టెన్ సియా కొలిసి తల కూడా ప్రత్యర్థి తలకు తగిలింది. అతనికీ పసుపు చూపించారు, సమీక్షలో అది పసుపుగానే మిగిలింది. చివరికి 12-11. దక్షిణాఫ్రికా పాయింట్లన్నీ హాండ్రే పొలార్డ్ తన్నిన నాలుగు పెనాల్టీలు. ట్రై వేసింది న్యూజిలాండే, కప్పు పోగొట్టుకున్నదీ న్యూజిలాండే.

ఒకడికి ఎరుపు, ఇంకొకడికి పసుపు ఏమిటన్న వాదన ఇప్పటికీ చల్లారలేదు. నిబంధన పుస్తకం ప్రకారం రెండు నిర్ణయాలూ నిలుస్తాయి. చిక్కు నిర్ణయాల్లో కాదు, కొలతలో ఉంది. పట్టు బెత్తెడు కిందకు పడితే అది ‘భలే ట్యాకిల్’. బెత్తెడు పైకి పోతే జట్టు మొత్తానికి శిక్ష. ఈ కొలత కొలవాల్సిన రెఫరీ వేన్ బార్న్స్, ఆ ఫైనల్ తర్వాత ఈల పక్కన పెట్టేశాడు. ఇంటికి వచ్చిన బెదిరింపుల గురించి బయటికే చెప్పాడు. వీడియో రెఫరీ టామ్ ఫోలీ కూడా అంతర్జాతీయ మ్యాచ్‌ల నుంచి తప్పుకున్నాడు.

ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే ఇంకో ఇరవై ఏళ్లు వెనక్కి పోవాలి. 2003 నవంబరు 22, సిడ్నీ. ఫైనల్లో ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ 17-17. అదనపు సమయంలో చివరి నిమిషం. గీత దగ్గర నుంచి బంతి లోపలికి విసరాల్సింది ఇంగ్లండ్ హుకర్ స్టీవ్ థాంప్సన్. దగ్గరివాడికి విసిరితే భద్రం. దూరం విసిరితే దాడికి వీలు, కానీ గురి తప్పితే కప్పు గల్లంతు. థాంప్సన్ వరుస చివరిదాకా, లూయిస్ మూడీకి విసిరాడు. అక్కణ్నుంచి నాలుగు కదలికల్లో బంతి జానీ విల్కిన్సన్‌కు చేరింది. ఎడమ కాలి ఆటగాడు కుడి కాలితో తన్నాడు. 20-17. ఇంగ్లండ్‌లో ఆ వయసువాళ్లెవరిని అడిగినా ఆ తన్ను కళ్లకు కట్టినట్టు చెబుతారు. థాంప్సన్‌కు మాత్రం గుర్తు లేదు. వీడియో పెట్టుకుని చూస్తే అందులో తాను కనిపిస్తాడు గానీ, అక్కడ ఉన్నట్టు జ్ఞాపకం రాదని 2020 డిసెంబరులో చెప్పాడు. అప్పటికి వయసు 42. డాక్టర్లు తేల్చినది డిమెన్షియా, మామూలుగా తాతల వయసులో వచ్చే జబ్బు. న్యూజిలాండ్ మాజీ ఆటగాడు కార్ల్ హేమన్‌కు, వేల్స్ మాజీ కెప్టెన్ ర్యాన్ జోన్స్‌కు నలభై ఏళ్ల ప్రాంతంలోనే అదే మాట చెప్పారు. వందలమంది మాజీలు కలిసి ఆటను నడిపే ప్రపంచ సంస్థ వరల్డ్ రగ్బీ మీద, ఇంగ్లండ్, వేల్స్ బోర్డుల మీద దావా వేశారు. ప్రమాదం తెలిసీ కాపాడలేదన్నది ఫిర్యాదు.

తలకు దెబ్బ అనగానే చాలామంది స్పృహ తప్పి పడిపోవడమే అనుకుంటారు. జరిగేది అది కాదు. కుండలో తోడుకున్న పెరుగుంది. కుండ పగలక్కర్లేదు, గట్టిగా ఓ కుదుపు కుదిపితే లోపలి పెరుగు విరిగిపోతుంది. మెదడు సంగతీ ఇంచుమించు అంతే. పుర్రె చెక్కుచెదరకపోయినా లోపల కుదుపు తగులుతూనే ఉంటుంది. తలకు ఏది తొడిగినా ఈ కుదుపును పూర్తిగా ఆపలేకపోవడానికి కారణం ఇదే. ఒక్క పెద్ద దెబ్బ కన్నా, ఎనిమిదేసి మంది తలలు దించి ఎదురెదురుగా తోసుకునే స్క్రమ్‌లోనూ, సాధనలోనూ రోజూ తగిలే వందల చిన్న కుదుపుల మీదే ఇప్పుడు వైద్యులకు అనుమానం ఎక్కువ. 1995 ఆగస్టుదాకా ఆ ఆటకు జీతాల్లేవు. పోలీసు, డాక్టరు, రైతు వారాంతాల్లో వచ్చి ఆడిపోయేవారు. జీతాలొచ్చాక ఒళ్లు పెరిగింది, వేగం పెరిగింది, వారమంతా ఢీకొట్టే సాధన వచ్చింది. థాంప్సన్ తరం ఆ మార్పును మొదట ఒంటి మీద మోసిన తరం.

బోర్డులు ఊరికే కూర్చోలేదు. 2024 జనవరి నుంచి పెద్ద పోటీల్లో పళ్ల మధ్య పెట్టుకునే మౌత్‌గార్డులో సెన్సర్ అమర్చారు. ఆటగాడి పలువరుసకు తగ్గట్టు అచ్చు పోసిన ప్లాస్టిక్ ముక్క అది. తల ఎంత జోరుగా అదిరిందో, ఎంత తిరిగిందో లెక్కగట్టి గట్టు మీదున్న డాక్టరు తెర మీదికి పంపుతుంది. హద్దు దాటితే ఆటగాడు ‘నాకేం కాలేదు’ అన్నా సరే, బయటికి రావాల్సిందే, పరీక్ష చేయించుకోవాల్సిందే. మంచిదే. కానీ అది మీటరు, బ్రేకు కాదు. ఆటో మీటరు ఎంత బాగా తిరిగినా బండి గుద్దుకోకుండా ఆపదు.

బ్రేకు వేయబోయిన చోట చేయి కాలింది. 2023 జనవరిలో ఇంగ్లండ్ బోర్డు, ఊరి క్లబ్బుల స్థాయిలో నడుం పైన పట్టు పడితే తప్పేనంది. కబడ్డీవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. అక్కడ మాత్రం ఆటగాళ్లు ఇంతెత్తున లేచారు. బోర్డు క్షమాపణ చెప్పుకుని, హద్దును రొమ్ము ఎముక కిందికి జరిపి, జులై నుంచి అమలు చేసింది. వాళ్ల కోపంలోనూ న్యాయం కొంత ఉంది. వంగి కాళ్లమీదికి పోయేవాడి తల, పరుగెత్తుకొచ్చేవాడి మోకాలి ఎత్తులో ఉంటుంది. రగ్బీలో తల దెబ్బలు ఎక్కువగా తగిలేది కూడా బంతి పట్టుకున్నవాడికి కాదు, వాణ్ని పట్టబోయినవాడికే. అయినా నిటారుగా నిలబడి తలకు తల తగిలించుకోవడంతో పోలిస్తే వంగడమే మేలని లెక్కలు చెబుతున్నాయి.

కొత్తగా వచ్చిన ఇంకో సర్దుబాటు, ఇరవై నిమిషాల ఎర్రకార్డు. తప్పు చేసినవాడు మళ్లీ రాడు, కానీ ఇరవై నిమిషాలయ్యాక అతని బదులు ఇంకొకరు దిగొచ్చు. ఐరోపాలో ఆరు దేశాలు ఏటా ఆడే సిక్స్ నేషన్స్ పోటీలోనూ 2025లో ఇదే నడిచింది. ఫ్రాన్స్ గట్టిగా వ్యతిరేకించింది. ఆ వ్యతిరేకతే సబబు. 15 మందికి 14 మంది అనే శిక్ష వల్ల చూసేవాళ్ల సరదా తగ్గుతుందని, శిక్షనే తగ్గించారు. తల భద్రతే ముఖ్యమని ఒక నోటితో చెబుతూ, రెండో నోటితో మ్యాచ్ చప్పబడకూడదని చెప్పడం ఇది.

బెంచి సంగతి చూస్తే ఆ రెండు నోళ్ల బాగోతం ఇంకా తేటతెల్లమవుతుంది. మార్పు ఆటగాళ్లు ఎనిమిది మంది. దక్షిణాఫ్రికా కోచ్‌లు ఆ ఎనిమిదిలో ఏడుగురిని స్క్రమ్‌లో తోసే బరువైన ఫార్వర్డ్‌లనే కూర్చోబెట్టారు. 2023 ఫైనల్లోనూ అదే పని చేశారు. ‘బాంబ్ స్క్వాడ్’ అని పేరు. అలిసిపోయినవాళ్ల మీదికి, అప్పుడే దిగిన ఏడుగురు మదపుటేనుగులను వదలడమన్నమాట. నిబంధన ఒప్పుకుంటోంది కాబట్టి తెలివైన ఎత్తే. అలసినవాడికి మొదట పోయేది నడుం వంగే ఓపిక అని మాత్రం మరిచిపోకూడదు.

అలాగని దక్షిణాఫ్రికా కథంతా కండబలం అనుకుంటే పొరపాటు. ఆ జట్టులో అంచు వెంట పరుగెత్తే వింగర్ చెస్లిన్ కోల్బే ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు, మన జగదాంబ సెంటర్లో నిలబడితే గుంపులో కలిసిపోయే మనిషి. 2023 క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ కన్వర్షన్ తన్నబోతుంటే గీత మీంచి బాణంలా వచ్చి బంతికి అడ్డం పడ్డాడు. రెండు పాయింట్లు పోయాయి. మ్యాచ్ 29-28తో దక్షిణాఫ్రికాది. సెమీస్ 16-15, ఫైనల్ 12-11. మూడుసార్లూ ఒక్క పాయింటే.

కొలిసి పుట్టింది 1991 జూన్ 16న, పోర్ట్ ఎలిజబెత్ పక్క జ్విడే అనే నల్లవాళ్ల పేటలో. జనాన్ని రంగును బట్టి నమోదు చేసే చట్టాన్ని ఆ దేశం రద్దు చేసింది ఆ మర్నాడే. నాయనమ్మ పెంచింది. మొదటిసారి సెలక్షన్‌కు వెళ్లినప్పుడు నిక్కరు లేక లోదుస్తులతోనే ఆడానని తనే చెప్పుకున్నాడు. 2018లో దక్షిణాఫ్రికాకు తొలి నల్లజాతి టెస్టు కెప్టెన్ అయ్యాడు, 2019, 2023ల్లో రెండు ప్రపంచకప్‌లు ఎత్తాడు. విశాఖ పాఠకులకు ఇలాంటి కథ తెలియనిది కాదు. సెక్యూరిటీ గార్డు కూతురు జ్యోతి యర్రాజి ఇక్కణ్నుంచే వెళ్లి హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్ అయింది. 2025లో ఆమె మోకాలిలో ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ తెగింది. అదే ఏడాది మార్చిలో డబ్లిన్‌లో ఫ్రాన్స్ కెప్టెన్ ఆంట్వాన్ దుపోంకూ అదే తెగింది. ఒకరికి పరుగులో, ఇంకొకరికి మనుషుల కుప్పలో.

ఇక ఫిజీ. ఈ దేశం గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే అది మనకు పరాయి దేశమేం కాదు. 1879 నుంచి 1916 దాకా చెరకు తోటల పనికని అరవై వేల మందికి పైగా భారతీయులను ఓడలెక్కించారు. 1903 తర్వాత మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లలో అప్పటి విశాఖపట్నం జిల్లా వాళ్లూ ఉన్నారు. అగ్రిమెంటు నోట్లో నలిగి ‘గిర్మిట్’ అయింది. ఆ మునిమనవలు ఎక్కువగా ఫుట్‌బాల్ ఆడతారు, రగ్బీ మాత్రం అక్కడి ఆదివాసుల ప్రాణం. జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు, అంటే విశాఖలో సగం. ఆ సగం విశాఖ 2016 రియో ఒలింపిక్స్‌లో, జట్టుకు ఏడుగురే ఆడే సెవెన్స్ రగ్బీ ఫైనల్లో బ్రిటన్‌ను 43-7తో చితక్కొట్టింది. ఆ దేశానికి అన్ని ఒలింపిక్స్‌లోనూ కలిపి అదే తొలి పతకం. ఆనందం పట్టలేక ప్రభుత్వం ఏడు డాలర్ల నోటు అచ్చేసింది. టోక్యోలో మళ్లీ స్వర్ణం. 2024 పారిస్ ఫైనల్లో ఫ్రాన్స్ 28-7తో గెలిచేదాకా ఒలింపిక్స్ సెవెన్స్‌లో ఫిజీ పురుషులకు ఓటమే తెలియదు. అక్కడ తిప్పింది ఆ దుపోనే. సెవెన్స్ కోసం ఆ ఏడాది సిక్స్ నేషన్స్ వదులుకున్నాడు.

పదిహేను మంది ఆటకు వచ్చేసరికి ఫిజీ, సమోవా, టోంగా కథ వేరు. పెద్ద ఆటగాళ్లను అవే కంటాయి, వాళ్లను పెంచుకునేదీ వాడుకునేదీ న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్. ఇదివరకు పెద్ద దేశం తరఫున ఒక్క మ్యాచ్ ఆడితే చాలు, పుట్టిన ఊరికి తలుపు మూసుకుపోయేది. 2022 నుంచి కాస్త తెరిచారు. మూడేళ్లు అంతర్జాతీయ ఆటకు దూరంగా ఉంటే, తాను గానీ తల్లిదండ్రులు, తాతలు గానీ పుట్టిన దేశానికి ఒకసారి మారొచ్చు. 2015లో న్యూజిలాండ్‌తో ప్రపంచకప్ గెలిచిన మలకాయ్ ఫెకిటోవా అలాగే 2023లో టోంగాకు ఆడాడు. అదే టోర్నీలో ఫిజీ ఆస్ట్రేలియాను 22-15తో ఓడించింది. 1954 తర్వాత అదే గెలుపు. దాంతో ఆస్ట్రేలియా చరిత్రలో మొదటిసారి గ్రూపు దశలోనే ఇంటిదారి పట్టింది.

డబ్బు దగ్గర మాత్రం ఇంకా ముడి పడే ఉంది. వేల్స్ వింగర్ లూయిస్ రీస్-జామిట్ 2024 జనవరిలో, జట్టును ప్రకటించే రోజునే అమెరికన్ ఫుట్‌బాల్‌కు పోతున్నానన్నాడు. ఏడాదిన్నర తిరిగి 2025లో బ్రిస్టల్ క్లబ్బుకు వచ్చేశాడు. ఆర్360 పేరిట ప్రైవేటు లీగ్ ఒకటి తయారవుతుంటే, ఎనిమిది దేశాల బోర్డులు కలిసి, అందులో చేరితే జాతీయ జట్టులో చోటుండదని 2025 అక్టోబరులో తేల్చేశాయి. ఆ లీగ్ 2028కి వాయిదా పడింది. తెలుగువాళ్లు ఈ సినిమా చూసేశారు. 2007లో బోర్డుకు పోటీగా వచ్చిన ఐసీఎల్ అనే ప్రైవేటు క్రికెట్ లీగ్‌లో చేరిన అంబటి రాయుడి మీద బీసీసీఐ వేటు వేసి, 2009లో క్షమించింది. అతని జట్టు పేరు హైదరాబాద్ హీరోస్. ఇప్పుడు రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ జట్టు పేరూ అదే. పేరు పెట్టినవాళ్లకు పాత సంగతి గుర్తుందో లేదో.

మహిళల ఆటలో గాలి ఇంకోలా ఉంది. 2025 సెప్టెంబరు 27న ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్ 33-13తో కెనడాను ఓడించి ప్రపంచకప్ గెలిచింది. చూడ్డానికి 81,885 మంది వచ్చారు. గెలిచినవాళ్లకు 2019 నుంచి పూర్తికాలపు కాంట్రాక్టులున్నాయి. ఓడినవాళ్లు టోర్నీ ఖర్చులకు జనం దగ్గర చందాలు పోగుచేసుకుని వచ్చారు. స్కోరు కన్నా ఈ తేడానే పెద్దది.

మన దేశానికి రగ్బీ రాలేదనలేం. వచ్చి పోయింది. 1870ల్లో కలకత్తాలో దొరల క్లబ్బొకటి ఉండేది. బార్‌లో ఉచిత మద్యం ఆపేశాక సభ్యులు పలచబడ్డారని చెబుతారు. ఎండ కూడా ఓ కారణమే. మూసేటప్పుడు బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలను, 270 నాణేలను, కరిగించి కప్పు చేయించి ఇంగ్లండ్‌కు పంపారు. పిడులుగా మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. ఇంగ్లండ్, స్కాట్లాండ్ 1879 నుంచీ దానికోసమే కొట్టుకుంటున్నాయి. మన రూపాయలు అక్కడే ఉండిపోయాయి.

ఇప్పుడు తిరిగొస్తున్నది ఏడుగురి ఆట రూపంలో. 2025 జూన్‌లో ముంబయిలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌కు వెనక ఉన్నది జీఎంఆర్. రాజాంలో పుట్టి, భోగాపురం ఎయిర్‌పోర్టు పని చేపట్టిన ఆ సంస్థే. తొలి కప్పు చెన్నై బుల్స్‌ది. విదేశీ ఆటగాళ్ల పక్కన మన పిల్లలు ఆడారు. ఏడుగురి ఆటకు మళ్లడం తెలివైన పనే. ఏడేసి నిమిషాల రెండు సగాలు, చాలా చోటు, బరువు కన్నా పరుగు. ఎనిమిదేసి మంది తోసుకునే స్క్రమ్ ఉండదు, ముగ్గురే. ట్యాకిల్ మాత్రం ఉంటుంది. చోటు ఎక్కువ కాబట్టి ఇంకా జోరుగా ఉంటుంది.

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. భువనేశ్వర్‌లోని కిస్ విద్యాసంస్థ గిరిజన పిల్లల నుంచి ఏళ్లుగా రగ్బీ ఆటగాళ్లను తయారుచేస్తోంది. అక్కడ నేర్చుకున్న సుమిత్రా నాయక్ 2019 జూన్‌లో మనీలాలో సింగపూర్ మీద చివర్లో పెనాల్టీ కొట్టింది. స్కోరు 21-19. భారత మహిళలకు పదిహేను మంది ఆటలో అదే తొలి అంతర్జాతీయ గెలుపు. పాడేరు, అరకు పిల్లలకూ ఆ పిల్లలకూ మధ్య ఉన్నది రాష్ట్ర సరిహద్దు ఒక్కటే.

కబడ్డీ నుంచి వచ్చే పిల్లలకు ఒక లాభం, ఒక గండం. వంగడం వాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు. కానీ కబడ్డీలో కూతగాడు గీత దాటాక ఆచితూచి కదులుతాడు. రగ్బీలో వాడు నలభై గజాల పరుగుతో వస్తాడు. అప్పుడు తల ఎటు పెట్టాలన్నదే అసలు సంగతి. వచ్చేవాడి తుంటికి ముందువైపు పెడితే వాడి మోకాలో పిరుదో తలకు తగులుతుంది. వెనకవైపు పెట్టి, చెంపను వాడి పిర్రకు ఆనించి, చేతులతో కాళ్లు చుట్టెయ్యాలి. కోచ్‌లు ఈ పాఠాన్ని నిలబెట్టి మొదలుపెట్టరు. పట్టేవాణ్ని మోకాళ్ల మీద కూర్చోబెడతారు, రెండోవాడు మెల్లగా నడిచొస్తాడు. పరుగు ఎన్నో రోజులకు గానీ రాదు. దానికి పచ్చగడ్డి మైదానం కూడా అక్కర్లేదు. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో, అల తడిపి వెళ్లిన ఇసుక చాలు.